జీతం వచ్చినా ఆస్తి ఎందుకు రాలేదు? విశాఖ చెబుతున్న లెక్క

సంక్షిప్తంగా: కుటుంబాలను జీతంతో కొలిస్తే కులాల మధ్య తేడా ఒక మోస్తరుగా కనిపిస్తుంది. అమెరికాలో నల్లవారికీ తెల్లవారికీ మధ్య తేడా కూడా అంతే. ఆస్తితో కొలిస్తే రెండు చోట్లా ఆ తేడా చాలా పెద్దది. పాత తరంలో భూమి ఎవరి పేరున ఉంది, ఆ భూమికి కాగితం ఉందా, మొదటి ఉద్యోగం చేసిన మనిషి జీతంలో ఎంత మంది వాటాదారులున్నారు అన్నవే దీనికి ప్రధాన కారణాలు. విశాఖపట్నంలో ఈ మూడూ స్పష్టంగా కనిపిస్తాయి. నగరంలో భూమి ధర పెంచే పెట్టుబడులు వరసగా వస్తున్నాయి కాబట్టి ఈ తేడా ఎటు పోతుందో ఇప్పుడే చూడాల్సిన అవసరం ఉంది.

2025 అక్టోబరు 14న గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ హబ్ ఏర్పాటు చేస్తామని ప్రకటించింది. అంతకు ఆరు నెలల ముందు రుషికొండ ఐటీ హిల్ మీద టీసీఎస్‌కు 21.16 ఎకరాలను నామమాత్రంగా 99 పైసలకు కేటాయించాలని రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. నగరానికి ఉత్తరాన భోగాపురం విమానాశ్రయం వస్తోంది. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా ఎన్ని ఉద్యోగాలు వస్తాయన్న చర్చే మొదలవుతుంది. అది సహజమే. ఉత్తరాంధ్ర నుంచి హైదరాబాద్‌కూ చెన్నైకీ బతుకుతెరువు కోసం వెళ్లిన కుటుంబాలకు ఉద్యోగం చాలా పెద్ద విషయం.

ఇంకో ప్రశ్న అంతగా వినిపించదు. పెట్టుబడి వచ్చిన చోట పెరిగే భూమి విలువ ఎవరికి చెందుతుంది? జీతం అందుకునేవాళ్లూ, ఆ విలువ అందుకునేవాళ్లూ ఒకరేనా? గత యాభై ఏళ్ల విశాఖ చరిత్ర చూస్తే, చాలాసార్లు కాదనే చెప్పాలి.

రెండు వేర్వేరు లెక్కలు

ఆదాయం అంటే నెలకో ఏడాదికో చేతికొచ్చే డబ్బు. ఆస్తి అంటే అప్పులు పోగా కుటుంబం పేరున మిగిలి ఉన్నది: ఇల్లు, స్థలం, పొలం, బంగారం, డిపాజిట్లు, షేర్లు. వాడుకలో ఈ రెండింటినీ కలిపి 'డబ్బున్నవాళ్లు' అనేస్తాం. గందరగోళం అక్కడే మొదలవుతుంది. నెలకు లక్ష రూపాయల జీతమున్న మనిషికి నికర ఆస్తి సున్నా ఉండొచ్చు. నెలకు పాతిక వేలు సంపాదించే మనిషి పేరున బీచ్ రోడ్డుకు దగ్గర్లో రెండు వందల గజాలు ఉండొచ్చు. రోగమొచ్చినా, ఉద్యోగం పోయినా, పిల్లల చదువుకు ఒక్కసారిగా పెద్ద మొత్తం కావాల్సి వచ్చినా నిలబడేది రెండో మనిషే.

దేశం మొత్తం మీద చూస్తే ఈ తేడా అంకెల్లో కనిపిస్తుంది. వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం 2022-23లో భారతదేశంలో పైనున్న ఒక్క శాతం మందికి దేశ ఆదాయంలో 22.6 శాతం దక్కింది. దేశ సంపదలో మాత్రం వారి వాటా 40.1 శాతం. కింది సగం జనాభాకు ఆదాయంలో దాదాపు 15 శాతం ఉంటే, సంపదలో 6.4 శాతమే ఉంది. ఎవరు సంపాదిస్తున్నారన్న లెక్కలోనే అసమానత ఎక్కువ. ఎవరికి సొంతం అన్న లెక్కలో అది దాదాపు రెట్టింపు.

ఆ సంపద ఏ రూపంలో ఉందో చూస్తే విశాఖ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. 2019లో జరిగిన జాతీయ అప్పులు, పెట్టుబడుల సర్వే ప్రకారం పట్టణ కుటుంబాల ఆస్తిలో 87 శాతం, గ్రామీణ కుటుంబాల ఆస్తిలో 91 శాతం భూమి, భవనాలే. షేర్ మార్కెట్ గురించి ఎంత మాట్లాడుకున్నా, ఈ దేశంలో ఆస్తి అంటే నేలే. కాబట్టి సంపద ఎలా పంచుకోబడిందన్న ప్రశ్న చివరికి నేల ఎవరి చేతుల మీదుగా ఎవరికి చేరిందన్న దగ్గరికే వస్తుంది.

కులం వారీ లెక్క కూడా ఉంది. 2013 నాటి సర్వే సమాచారం ఆధారంగా సుఖదేవ్ థోరట్ తదితర ఆర్థికవేత్తలు చేసిన అధ్యయనంలో, కుటుంబాల సంఖ్యలో సుమారు 22 శాతమున్న హిందూ అగ్రకులాలకు దేశ సంపదలో 41 శాతం ఉందని తేలింది. కుటుంబాల్లో సుమారు 18 శాతమున్న ఎస్సీల వాటా ఏడు శాతం పైచిలుకు మాత్రమే.

ఉక్కు ఇచ్చిన జీతం, ఉక్కు తీసుకున్న భూమి

విశాఖలో ఈ కథకు మూలం చాలా వెనక ఉంది. 1802లో ఉత్తర సర్కారు జిల్లాల్లో శాశ్వత శిస్తు ఒప్పందం (జమీందారు కట్టాల్సిన శిస్తును ఎప్పటికీ మారకుండా నిర్ణయించే ఏర్పాటు) వచ్చాక భూమి మీద హక్కు విజయనగరం వంటి జమీందారీల చేతిలో స్థిరపడింది. 1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం తెచ్చి, సాగులో ఉన్న రైతులకు రైత్వారీ పట్టాలు, అంటే నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే హక్కుపత్రాలు ఇచ్చింది. అది గొప్ప సంస్కరణ, అందులో సందేహం లేదు. అయితే పట్టా దక్కింది రైతుగా లెక్కకు వచ్చినవాడికి. అదే పొలంలో తరతరాలుగా పాలేరుగా, కంబారిగా, కూలీగా పనిచేసిన కుటుంబాలు లెక్కలోకి రాలేదు. వారిలో అత్యధికులు దళితులు, వెనుకబడిన కులాలవారు. నగరం విస్తరించి పొలాలు ప్లాట్లుగా మారేనాటికి అమ్ముకోవడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు.

తర్వాతి పెద్ద మలుపు ఉక్కు. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అంటూ 1966లో సాగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలు కోల్పోయారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటన చేశారు. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. 1992 ఆగస్టు 1న పీవీ నరసింహారావు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. దీనికోసం గాజువాక పరిసరాల్లోని 64 గ్రామాలు ఖాళీ అయ్యాయి. పదహారు వేలకు పైగా కుటుంబాలు నిర్వాసితులయ్యాయి. వారికి ఇచ్చిన పునరావాస కార్డునే ఇప్పటికీ 'ఆర్-కార్డు' అంటారు. కార్డున్న కుటుంబంలో ఒకరికి ఉద్యోగం అన్నది హామీ. దాదాపు సగం కుటుంబాలకే అది అందింది.

ఉద్యోగం రాని సగం మందికి జరిగిన అన్యాయం గురించి దశాబ్దాలుగా ధర్నాలు జరిగాయి, పత్రికలు రాశాయి. ఉద్యోగం వచ్చిన సగం సంగతి మీద అంత దృష్టి పడలేదు. వాళ్లు లాభపడ్డవాళ్లే అని అందరూ అనుకున్నారు. నిజానికి వాళ్ల చేతిలోంచి పోయిందేమిటి, చేతికి వచ్చిందేమిటి అన్నది పక్కపక్కన పెట్టి చూడాలి. పోయింది పొలం. అది కొడుకులకు, కూతుళ్లకు, మనవలకు పంచదగినది, తాకట్టు పెట్టదగినది, ఊరు పెరిగే కొద్దీ విలువ పెరిగేది. వచ్చింది ఒక మనిషి పేరు మీద ఉద్యోగం. అరవై ఏళ్లకు అది ముగుస్తుంది. కొడుక్కి రాదు. ఉక్కునగరం క్వార్టర్‌లో ముప్పై ఏళ్లు ఉన్నా ఆ క్వార్టర్ సొంతం కాదు. పరిహారం కట్టిన నాటి పొలం ధర వేరు, అదే నేల చుట్టూ కర్మాగారం, టౌన్‌షిప్, జాతీయ రహదారి వచ్చాక ఉన్న ధర వేరు. మధ్యలో పెరిగిన విలువ నిర్వాసితుల లెక్కలోకి ఎక్కడా రాలేదు.

ఇదే ఉక్కు కర్మాగారం ఇంకో గొప్ప పని కూడా చేసింది. శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన అన్ని కులాల యువకులకూ ఒకే స్కేలు జీతం, ఒకే క్యాంటీన్, ఒకే క్వార్టర్ల వరస ఇచ్చింది. షిప్‌యార్డు, పోర్టు, రిఫైనరీ కూడా అంతే. రిజర్వేషన్ వల్ల దళిత కుటుంబాల నుంచి వచ్చిన మొదటి ఇంజినీరు, మొదటి ఫోర్‌మన్ తయారైంది ఇక్కడే. జీతం స్లిప్పులో కులం లేదు. ఈ దేశంలో కూలి పని నుంచి ఒక్క తరంలో మధ్యతరగతికి చేరే దారి ఉన్న చోట్లు తక్కువ. వాటిలో ఇది ఒకటి.

కానీ జీతం సమానంగా వచ్చినవాళ్లు రిటైరయ్యేనాటికి సమానంగా లేరు. ఊళ్లో పొలమున్న ఉద్యోగి 1990లలో కూర్మన్నపాలెం, దువ్వాడ వైపు ప్లాటు కొనడానికి నాన్న ఇచ్చిన డబ్బు వాడుకున్నాడు. ఏ సొసైటీ లేఅవుట్ వేస్తోంది, ఏ సర్వే నంబరు క్లియర్‌గా ఉంది అన్నది అతనికి బంధువుల ద్వారా తెలిసింది. మొదటి తరం ఉద్యోగి అదే ఏళ్లలో చెల్లెలి పెళ్లి చేశాడు, తమ్ముణ్ణి చదివించాడు, ఊళ్లో అప్పు తీర్చాడు. అతని పొదుపు పీఎఫ్, గ్రాట్యుటీ రూపంలోనే మిగిలింది. అతను దుబారా చేయలేదు. ఖర్చు పెట్టిన ప్రతి రూపాయీ ఒక మనిషిని నిలబెట్టింది. దాన్ని ఆస్తుల లెక్కలో వేసే కాలమ్ మాత్రం లేదు.

2021 జనవరిలో కర్మాగారాన్ని నూరు శాతం అమ్మాలని కేంద్రం సూత్రప్రాయంగా నిర్ణయించినప్పుడు వచ్చిన ఆందోళనను ఈ కోణంలో కూడా చూడాలి. పొలం ఉన్నవాడికి ఉద్యోగం పోవడం దెబ్బ. ఉద్యోగమే ఏకైక ఆస్తి అయినవాడికి అది సర్వం పోవడం. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించాక శాశ్వత ఉద్యోగులకు కొంత ఊపిరి ఆడింది. కాంట్రాక్టు కార్మికులకు ఆ భరోసా లేదు.

కాగితం లేని ఇల్లు

ఇల్లు ఉండడం వేరు, ఇంటికి కాగితం ఉండడం వేరు. విశాఖలో ఈ తేడా తెలియనివాళ్లు తక్కువ.

సింహాచలం దేవస్థానానికి సంబంధించిన పంచగ్రామాల సమస్య ఇందుకు ఉదాహరణ. అడవివరం, వేపగుంట, వెంకటాపురం, పురుషోత్తపురం, చీమలాపల్లి. ఈ ఐదు గ్రామాల్లో పన్నెండు వేలకు పైగా ఇళ్లు దేవస్థానం భూముల వివాదంలో ఉన్నాయి. కోర్టు కేసులు, ప్రభుత్వ ఉత్తర్వులు, చివరికి ప్రత్యేక చట్టం కూడా వచ్చినా దశాబ్దాలుగా వివాదం తెగలేదు. అక్కడ ఇల్లు కట్టుకున్న కుటుంబానికి తల దాచుకునే చోటు ఉంది. కానీ ఆ ఇంటిని రిజిస్ట్రేషన్ చేయించి అమ్మలేరు. బ్యాంకు దాన్ని తనఖా పెట్టుకోదు. పై అంతస్తు వేయాలంటే ప్లాన్ అప్రూవల్ రాదు. కూతురి చదువుకు పెద్ద ఎడ్యుకేషన్ లోన్ కావాలంటే చూపించడానికి పూచీ లేదు. అదే వైశాల్యం, అదే ఇటుక, అదే సిమెంటు ఉన్న ఇల్లు రెండు కిలోమీటర్ల దూరంలో క్లియర్ టైటిల్‌తో ఉంటే అది పెట్టుబడిగా మారుతుంది.

రెండో ఉదాహరణ డీ-పట్టా భూములు. భూమిలేని పేదలకు, ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన భూములివి. పలుకుబడి ఉన్నవాళ్లు వాటిని లాగేసుకోకుండా 1977లో అసైన్డ్ భూముల (ఇలా ప్రభుత్వం కేటాయించిన భూముల) బదిలీ నిషేధ చట్టం తెచ్చారు. అమ్మకం చెల్లదు, కొన్నవాడికి శిక్ష ఉంటుంది. చట్టం ఉద్దేశం మంచిది. దాని వల్ల చాలా భూములు మిగిలాయి కూడా. కానీ అవసరం చట్టం కోసం ఆగదు. ఇంట్లో ఆపరేషన్ వస్తే, పెళ్లి వస్తే, బ్యాంకులో అప్పు పుట్టని పట్టాదారు తెల్లకాగితం మీద సంతకం పెట్టి వచ్చిన కాడికి అమ్మేశాడు. నిషేధం ఉన్నందువల్ల ధర మార్కెట్ ధరలో చిన్న భాగమే. తక్కువకు కొన్నవాడు ఎదురుచూడగలిగినవాడు. చట్టం మారుతుందనో, ల్యాండ్ పూలింగ్ వస్తుందనో పదేళ్లు ఆగాడు. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు ఇలాంటి లావాదేవీల మీద ఏళ్ల తరబడి ఆరోపణలు వస్తూనే ఉన్నాయి.

2023లో రాష్ట్ర ప్రభుత్వం చట్టాన్ని సవరించి, కేటాయించి 20 ఏళ్లు దాటిన భూములపై అసలు లబ్ధిదారులకు పూర్తి హక్కు ఇచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక, అక్రమాలు జరిగాయన్న కారణంతో ఈ భూముల రిజిస్ట్రేషన్లు నిలిపివేసి విచారణ మొదలుపెట్టారు. ఆపడానికి కారణాలు ఉండొచ్చు. కానీ ఆపిన ప్రతి నెలా నష్టపోయేది ఎవరన్నది కూడా చూడాలి. ఎదురుచూడగలిగిన పెట్టుబడిదారుకు అది వడ్డీ ఖర్చు మాత్రమే. అసలు పట్టాదారుకు మళ్లీ తెల్లకాగితం మీద సంతకం పెట్టే ఒత్తిడి.

ఈ విషయంలో ఒక మంచి తీర్పు ఉంది. 2004లో మేకల పాండు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, ప్రభుత్వం అసైన్డ్ భూమిని ప్రజా ప్రయోజనం కోసం తీసుకుంటే పట్టా భూమి యజమానితో సమానంగా లబ్ధిదారుకు పూర్తి పరిహారం ఇవ్వాలని చెప్పింది. పేదవాడికి ఇచ్చిన భూమి కూడా పూర్తి ఆస్తే అన్న సూత్రాన్ని అంత గట్టిగా చెప్పిన సందర్భాలు అరుదు.

కొండవాలు బస్తీల సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఆరిలోవ, హనుమంతవాక, తాటిచెట్లపాలెం కొండల మీద వలస కుటుంబాలు రాళ్లు తొలిచి ఇళ్లు కట్టుకున్నాయి. నగరం మధ్యలో ఉండి పనికి నడిచి వెళ్లగలిగే చోట్లు అవి. క్రమబద్ధీకరణ ఉత్తర్వులు అప్పుడప్పుడూ వచ్చి కొందరికి పట్టాలు దక్కాయి. పట్టా వచ్చిన ఇంట్లో ముందుగా జరిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: రేకుల కప్పు తీసి స్లాబు వేస్తారు.

ఒకే జీతం, రెండు ముగింపులు

ఒక ఊహా లెక్క తీసుకుందాం. ఇద్దరు ఉద్యోగులు, ఒకే ఆఫీసు, ఒకే జీతం. ఒకరికి ఎంవీపీ కాలనీలో తండ్రి కట్టిన ఇల్లుంది. తల్లిదండ్రులకు పెన్షన్ వస్తుంది. రెండోవారు సీతమ్మధారలో రూ.15,000 అద్దె కడతారు, ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు నెలకు రూ.10,000 పంపుతారు. మిగతా ఖర్చులన్నీ సమానమే. తేడా నెలకు రూ.25,000. మొదటివారు ఆ సొమ్మును ఏటా 8 శాతం రాబడి వచ్చేచోట 20 ఏళ్లు పెడితే, కట్టింది రూ.60 లక్షలు, చేతికొచ్చేది సుమారు రూ.1.47 కోట్లు. జీతంలో రూపాయి తేడా లేదు. తెలివిలో, క్రమశిక్షణలో తేడా లేదు. తండ్రి ఇంటి విలువ ఇంకా ఈ లెక్కలో కలపనేలేదు.

రెండోవారు ఇల్లు కొనాలనుకుంటే మొదటి అడ్డంకి అప్పు దొరకడం కాదు, ముందుగా చేతిలో ఉండాల్సిన డబ్బు. రూ.60 లక్షల ఫ్లాటుకు రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 80 శాతానికి మించి అప్పు రాదు. అంటే రూ.12 లక్షలు సొంతంగా పెట్టాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7.5 శాతం, అంటే మరో రూ.4.5 లక్షలు. మొత్తం రూ.16.5 లక్షలు లేనిదే తాళం చేతికి రాదు. ఈ మొత్తం ఎక్కడి నుంచి వస్తుందో తెలుగు మధ్యతరగతిలో అందరికీ తెలుసు: తండ్రి పొలం అమ్మకం, మామగారి సాయం, అమెరికాలో ఉన్న అన్నయ్య. ఈ మూడూ లేనివారు పొదుపు చేసి ఆ మొత్తం కూడబెట్టేలోపు ఫ్లాటు ధర ఇంకో మెట్టు ఎక్కి ఉంటుంది.

ఆడవాళ్ల విషయంలో ఈ తేడా ఇంటి లోపల కూడా ఉంది. కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చే చట్టం కేంద్రం కంటే రెండు దశాబ్దాల ముందే, 1980లలోనే ఆంధ్రప్రదేశ్‌లో వచ్చింది. అయినా కట్నం ఇచ్చేశాం కదా అని హక్కు విడుదల పత్రం మీద సంతకం చేయించుకోవడం ఇప్పటికీ మామూలే. జీతం తెచ్చే కోడలి పేరున ఇంట్లో ఒక్క గజం లేకపోవడం ఎవరికీ వింతగా అనిపించదు.

అమెరికాలో రంగు, ఇక్కడ కులం

విశాఖ నుంచి అమెరికా వెళ్లిన కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడి నల్లజాతివారి గురించి మన ఇళ్లలో జరిగే మాటల్లో ఒక ప్రశ్న తరచూ వస్తుంది: అక్కడే పుట్టి పెరిగినవాళ్లు ఎందుకు వెనకబడ్డారు, మొన్న వెళ్లిన మనవాళ్లు ఎలా ముందుకెళ్లారు? దీనికి సమాధానం కూడా ఆదాయానికీ ఆస్తికీ ఉన్న తేడాలోనే దొరుకుతుంది.

2022లో అమెరికాలో తెల్లవారి కుటుంబ మధ్యస్థ ఆదాయం (వరసలో సరిగ్గా మధ్యనున్న కుటుంబం ఆదాయం) సుమారు 81,000 డాలర్లు, నల్లవారిది సుమారు 53,000. అంటే దాదాపు 65 శాతం. అదే ఏడాది ఫెడరల్ రిజర్వ్ సర్వేలో తెల్లవారి కుటుంబ మధ్యస్థ సంపద 2,85,000 డాలర్లు, నల్లవారిది 44,900. అంటే 16 శాతమే.

1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఇళ్ల అప్పులకు ప్రభుత్వ పూచీ ఇచ్చింది. దానితో సామాన్య తెల్ల కార్మికుడు కూడా సొంతిల్లు కొనగలిగాడు. నల్లవారు ఉండే పేటలను మ్యాపుల్లో ఎర్ర రంగు వేసి, అప్పు ఇవ్వకూడని చోట్లుగా గుర్తించారు. రెండో ప్రపంచ యుద్ధ సైనికులకు 1944 చట్టం కింద దొరికిన గృహరుణ సదుపాయం నల్ల సైనికులకు చాలాచోట్ల అందలేదు. న్యూయార్క్ శివారు లెవిట్‌టౌన్‌లో 1949లో 7,990 డాలర్లకు అమ్మిన కొత్త ఇళ్లను నల్లవారికి అమ్మలేదు. 1968లో చట్టం ఇళ్ల అమ్మకంలో వివక్షను నిషేధించింది. అప్పటికి ఆ ఇళ్ల ధరలు పెరిగిపోయాయి. 1960ల చట్టాల తర్వాత ఉద్యోగం తెరుచుకుంది, జీతం పెరిగింది. ముప్పై ఏళ్ల ధరల పెరుగుదల మాత్రం వెనక్కి రాలేదు.

భారతీయుల సంగతి వేరు. 1965 వలస చట్టం తర్వాత వెళ్లినవారిని చదువు చూసి ఎంపిక చేసుకున్నారు. ఆ చదువు వెనక ఇక్కడ పొలమో, తండ్రి ప్రభుత్వ ఉద్యోగమో, కోచింగ్ ఫీజు కట్టగలిగే స్తోమతో ఉంది. అమెరికాలో దిగిన రోజున జేబులో డబ్బు లేకపోవచ్చు, వెనక కుటుంబ ఆస్తి ఉంది. అలా ఎంపికైన గుంపును, తరతరాలుగా ఆస్తి కొననివ్వని మొత్తం సమాజంతో పోల్చడం సరైన పోలిక కాదు.

కులానికీ రంగుకీ తేడాలున్నాయి. అమెరికాలో ప్రభుత్వ అప్పుల విధానమే రంగును బట్టి తలుపు మూసింది. ఇక్కడ భూమిని ఆచారం ముందే పంచేసింది. స్వాతంత్ర్యం తర్వాత ప్రభుత్వం ఎదురు దిశలో నడిచి భూమి ఇచ్చే ప్రయత్నం చేసింది. కానీ ఇచ్చిన భూమి అమ్ముకోలేనిది. దారులు వేరైనా రెండు చోట్లా జీతం తేడా కంటే ఆస్తి తేడా పెద్దదిగా మిగిలింది.

'కారులో తిరుగుతున్నాడు కదా'

జీతం పైకి కనిపిస్తుంది, ఆస్తి కనిపించదు. మనుషుల మీద ఏర్పడే అభిప్రాయాలకు ఇది చాలా ముఖ్యమైన కారణం. రిజర్వేషన్‌లో ఉద్యోగం వచ్చిన దళిత అధికారి కారు అందరికీ కనిపిస్తుంది. ఆ కారు మీద ఈఎంఐ, అద్దె ఇల్లు, ఊళ్లో కట్టిస్తున్న రెండు గదులు కనిపించవు. పక్క సీటులో కూర్చున్న ఉద్యోగి స్కూటర్ మీద వస్తాడు. అతని తండ్రి పేరున మధురవాడలో ఉన్న ఎకరం కూడా కనిపించదు. 'ఇంకా వాళ్లకి రిజర్వేషన్ ఎందుకు' అన్న మాట ఇలా కనిపించేదాన్ని బట్టి పుడుతుంది.

పెళ్లి సంబంధాల దగ్గర మాత్రం తెలుగువారు ఈ తేడాను ఎప్పుడూ మర్చిపోరు. అబ్బాయి జీతం అడిగాక తప్పకుండా వచ్చే ప్రశ్న 'వెనక ఆస్తి ఏమైనా ఉందా?' అద్దె ఇల్లు వెతికేటప్పుడు యజమాని అడిగే 'మీదే ఊరు, మీరెవరు?' అన్న ప్రశ్నలో జీతం ప్రసక్తే లేదు. నెలనెలా అద్దె కట్టగలిగిన మనిషి కూడా కులం చెప్పాక ఇల్లు దొరక్క వెనుదిరిగే పరిస్థితి నగరంలో ఉంది. అలా తిరస్కరణకు గురైనవాళ్లు దూరంగా, తక్కువ విలువ పెరిగే చోట ఇల్లు చూసుకోవాల్సి వస్తుంది. అవమానం అక్కడికక్కడే ముగిసిపోతుందనుకోవడం పొరపాటు. అది పదేళ్ల తర్వాత ఆస్తి విలువలో కూడా కనిపిస్తుంది.

విధానాల్లో కూడా ఈ గుర్తింపు అక్కడక్కడే ఉంది. 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా బలహీన వర్గాల) రిజర్వేషన్‌కు కేంద్రం ఏటా రూ.8 లక్షల ఆదాయ పరిమితితో పాటు ఆస్తి పరిమితి కూడా పెట్టింది. ఐదెకరాల పొలం, వెయ్యి చదరపు అడుగుల ఫ్లాటు, పట్టణంలో వంద గజాల స్థలం ఉంటే అర్హత లేదు. ఆదాయం ఒక్కటే చాలదని ప్రభుత్వం ఒప్పుకున్న సందర్భమిది. మొదటి తరం దళిత ఉద్యోగి గురించి మాట్లాడేటప్పుడు కూడా ఇదే కొలమానం వాడాలి కదా. అక్కడ మాత్రం చర్చ జీతం దగ్గరే ఆగిపోతుంది.

పన్నుల్లోనూ అంతే. జీతం మీద గరిష్ఠ రేటు 30 శాతం, అది కూడా చేతికి రాకముందే కోసుకుంటారు. స్థలం అమ్మిన దీర్ఘకాలిక లాభం మీద 12.5 శాతం. వారసత్వంగా వచ్చిన ఆస్తి మీద ఏమీ లేదు. ఎస్టేట్ డ్యూటీని 1985లో, సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. వసూలు తక్కువ, తగాదాలు ఎక్కువ అన్నది అప్పటి కారణం. అది నిజమే అయినా, ఫలితం ఏమిటంటే సంపాదించేవాడి భారం అలాగే ఉంది, కలిగి ఉన్నవాడిది తగ్గింది.

రాబోయే ఏళ్లలో ఏం జరగొచ్చు

గూగుల్ ఏఐ హబ్ అంటే ప్రధానంగా డేటా సెంటరే. దానికి నిర్మాణ సమయంలో చాలా మంది పనివాళ్లు కావాలి. నడిచేటప్పుడు పెట్టుబడి పరిమాణంతో పోలిస్తే తక్కువ మంది చాలు. ఉక్కు కర్మాగారంలా వేల మందికి ఒకే స్కేలు జీతం ఇచ్చే సంస్థ కాదది. అందువల్ల దీని ప్రభావం జీతాల కంటే భూమి ధరల్లో ముందుగా, ఎక్కువగా కనిపించే అవకాశం ఉంది. గూగుల్ ప్రాజెక్టుకు భూమి తీసుకుంటున్న చోట్లలో ఆనందపురం మండలం తర్లువాడ ఒకటి. అటువైపు పట్టా భూములు, డీ-పట్టా భూములు పక్కపక్కనే ఉంటాయి. ఒకే గట్టుకు రెండువైపులా ఉన్న ఇద్దరు రైతుల భవిష్యత్తు వాళ్ల కాగితం రంగును బట్టి విడిపోయే ప్రమాదం అక్కడుంది.

2013 భూసేకరణ చట్టం 1970లలో అమల్లో ఉన్న చట్టం కంటే ఎంతో మెరుగు. మార్కెట్ విలువకు నూరు శాతం సొలేషియం (బలవంతంగా భూమి తీసుకున్నందుకు ఇచ్చే అదనపు పరిహారం) కలుపుతుంది. భూమిలేని కూలీలను, కౌలుదారులను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తిస్తుంది. కానీ వారికి ఇచ్చేది ఉద్యోగం, లేదా ఒకేసారి రూ.5 లక్షలు, లేదా 20 ఏళ్లపాటు నెలకు రూ.2,000. ఆర్-కార్డు తరానికి ఉద్యోగం ఆస్తికి సాటి రాలేదు. రూ.5 లక్షలు ఇప్పటి ధరల్లో ఆనందపురం దగ్గర ఇంటి స్థలానికి కూడా సరిపోవడం కష్టం. అభివృద్ధి చేసిన లేఅవుట్‌లో రిజిస్టర్డ్ ప్లాటు ఇస్తే పెరిగే విలువలో కూలీ కుటుంబానికీ చోటు దొరుకుతుంది. పరిహారం నగదుగా ఎంత, నేలగా ఎంత అన్నది అందుకే కీలకం. ప్లాటు భార్యాభర్తలిద్దరి పేరునా ఉండడం కూడా అంతే ముఖ్యం.

2027 జనగణనలో కులం నమోదు చేయబోతున్నారు. ఇళ్ల జాబితా దశలో ఇల్లు సొంతమా అద్దెదా అని అడుగుతారు. ఇంటి విలువ, భూమి విలువ, పట్టా రకం ఆ ప్రశ్నల్లో ఉండవు. డీ-పట్టా ఎవరి పేరున జారీ అయింది, ఇప్పుడు ఎవరి అనుభవంలో ఉంది, మధ్యలో ఎన్ని చేతులు మారింది అన్న వివరాలు రెవెన్యూ శాఖ దగ్గరే ఉండాలి. 2023 సవరణ మీద మొదలైన విచారణకు కావాల్సింది కూడా ఆ వివరాలే. గ్రామాల వారీగా వాటిని తేల్చి, పరిహారం పంపిణీ మొదలుకాకముందే గ్రామసభల్లో చదివి వినిపించాలి.